లాటరీ కాదు, ఆరో సంతకం

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో సిడ్నీ ఇళ్ల ధరల మీద ఒక వ్యాసం వచ్చింది. విజయవాడలో ఉన్న మా ఆడపడుచు ఆ పేజీని ఫోటో తీసి పంపితే, వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ రెండుసార్లు చదివాను. రైల్వే స్టేషన్ల చుట్టుపక్కల పాత ఇళ్లున్నవాళ్లకు లాటరీ తగిలిందట, బిల్డర్లు మార్కెట్‌కు మించిన ధర తెచ్చి చేతిలో పెడుతున్నారట, అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారట. మేముండే గోర్డన్ పేట పేరు కూడా రాశారు. ఫోటో కింద మా ఆడపడుచు ఒక్క వాక్యం చేర్చింది: "ఇంకా ఆలోచన ఎందుకు వదినా?"

ఆ లాటరీ టికెట్టు ఇప్పుడు మా వంటింటి బల్ల మీద, పంచదార డబ్బా కింద ఉంది. బిల్డరు పంపిన ఒప్పందం, ముప్పై నాలుగు పేజీలు. వరుసగా ఉన్న ఆరు ఇళ్లలో అయిదు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టేశారు. ఆరోది నాది. అందుకేనేమో, మీ వ్యాసంలో ఉన్న సంగతులకంటే లేని సంగతులే నాకు ఎక్కువగా కనిపించాయి. కాస్త చోటిస్తారని రాస్తున్నాను.

ముందుగా ఒక తప్పు దిద్దాలి. ప్రభుత్వం స్టేషన్ల దగ్గర ఇళ్లు "తీసుకుంటోంది" అని రాశారు. ఎవరి ఇల్లూ ఎవరూ తీసుకోవడం లేదు. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 2024లో చేసినది నిబంధన మార్చడం. రోజ్‌విల్, లిండ్‌ఫీల్డ్, కిలారా, గోర్డన్, ఇంకా రాష్ట్రంలో మరికొన్ని స్టేషన్లకు 400 మీటర్ల లోపు ఆరంతస్తుల దాకా అపార్టుమెంట్లు కట్టుకోవచ్చని చెప్పింది. దాని వెనక దేశం మొత్తానికి వేసుకున్న లెక్క ఒకటుంది. 2024 జూలై నుంచి అయిదేళ్లలో 12 లక్షల ఇళ్లు కట్టాలి, అందులో మా రాష్ట్రం వాటా 3 లక్షల 77 వేలు. మా కూరింగ్‌గై కౌన్సిల్, అంటే మా పేటల మునిసిపాలిటీ, దీని మీద కోర్టుకెక్కింది. తరువాత రాజీకి వచ్చి తన సొంత పటం గీసుకుంది. ఇళ్ల సంఖ్య తగ్గదు, కాకపోతే వారసత్వ వీధులను (పాత ఇళ్లను కాపాడాలని గుర్తించినవి) వీలైనంత వదిలిపెట్టి, స్టేషన్ పక్కన భవనాలను ఇంకా పైకి లేవనిస్తారు. కాబట్టి ఇక్కడ ఇప్పుడు ఎవరి జాతకమైనా ఆ పటంలో గీత ఎక్కడ పడిందన్న దాని మీదే ఉంది. మా ఆరు ఇళ్లు గీతకు లోపల. ఎదురు వరుస బయట. మధ్యన ఉన్నది ఒక మామూలు తారురోడ్డు. ఆ రోడ్డుకు అటూ ఇటూ ఒక్కో ఇంటికి పాతిక లక్షల డాలర్ల తేడా.

రెండో సంగతి, హైదరాబాదులో ఉన్న తల్లిదండ్రులు పిల్లల కోసం ఇక్కడ ఒక పాత ఇల్లు కొని పడేసుకుంటే మంచిదన్నట్టు ఒక పేరా ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా, ఇక్కడి పౌరులు, శాశ్వత నివాసులు కానివాళ్లు పాత ఇల్లు కొనకూడదు. ఏవో కొద్ది మినహాయింపులు తప్ప. చదువు వీసా మీద, ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. కొత్త ఫ్లాటు కొనాలంటే ముందు ఇక్కడి కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి, ఆపైన అదనపు స్టాంపు డ్యూటీ ఉంటుంది. ఆ పేరా నమ్మి ఎవరూ పొలం బేరం పెట్టకుండా ఉంటే చాలు.

ఇక మా వీధి సంగతి.

హార్బర్ వంతెన దాటి ఉత్తరానికి వచ్చే రైలు మార్గం మీద గోర్డన్ స్టేషన్ 1890 నాటిది. స్టేషన్ నుంచి మా ఇంటికి నడక ఆరు నిమిషాలు, ఇప్పుడు నా మోకాళ్లతో పది. మేము 1998లో కొన్నాం. అంతకుముందు వెస్ట్‌మీడ్‌లో అద్దెకుండేవాళ్లం. మా వారికి నార్త్ సిడ్నీలో ఉద్యోగం, నాకు ఒక ఆసుపత్రి లేబొరేటరీలో. గోర్డన్‌లో ఆ రోజుల్లో తెలుగు మాట వినపడాలంటే నేను మా వారిని తిట్టాలి. వెంకటేశ్వరస్వామిని చూడాలంటే ఊరు మొత్తం దాటి హెలెన్స్‌బర్గ్ కొండకు గంటకు పైగా ప్రయాణం. అయినా ఆయన ఆ వీధి చూసి పడిపోయారు. రోడ్డుకు రెండు వైపులా బ్రష్ బాక్స్ చెట్లు పైన కలుసుకుని పందిరిలా ఉన్నాయి. నవంబరు నెల, మూల మీద జకరండా కింద రోడ్డు ఊదారంగులో ఉంది. పదకొండు వందల గజాల స్థలం, అందులో పాత ఇటుక ఇల్లు, కారే పైకప్పు. నేను పైకప్పు చూశాను, ఆయన చెట్లు చూశారు.

అప్పట్లో ఈ వీధిలో ఇల్లు అమ్మడమంటే ఊళ్లో హరికథ చెప్పించినంత బహిరంగం. శనివారం పొద్దున ఇంటి ముందు గడ్డిలోనే వేలం. ఇరుగుపొరుగులంతా కాఫీ కప్పులతో వచ్చి నిలబడేవారు, కొనడానికి కాదు, వీధిలోకి ఎవరు రాబోతున్నారో చూడడానికి. మా వారు మూడుసార్లు చెయ్యి ఎత్తారు. నాలుగోసారి నేను ఎత్తాను, ఆయన చెయ్యి జేబులో పెట్టేసుకున్నారు కనుక. 4 లక్షల 90 వేల డాలర్ల దగ్గర సుత్తి పడింది. మామూలు అమ్మకంలో మనసు మార్చుకోవడానికి అయిదు పనిదినాల గడువుంటుంది, వేలంలో అదీ ఉండదు. పది శాతం చెక్కు అక్కడికక్కడే రాయాలి. కారు బానెట్ మీద పెట్టి రాస్తుంటే ఆయన సంతకం బ్యాంకులో ఇచ్చిన సంతకంలా రానేలేదు.

మూల ఇంటావిడ అప్పుడే పలకరించింది. చేతిలో ఒక సంచి నిమ్మకాయలు. "ఇంత పెట్టి కొన్నారంటే చాలాకాలం ఉంటారన్నమాట, మంచిది" అంది. అప్పటికి ఆవిడకు అరవై లేవు. ఇప్పుడు ఎనభై ఆరు.

ఆవిడ నాకు ఈ పేట నేర్పింది. మాంసం బయట పెడితే కూకబుర్రా పిట్ట వచ్చి ఎత్తుకుపోతుందని (మేము శాకాహారులమని చెబితే, "అయితే మీ ఇంటికి కాకటూ చిలకలు వస్తాయి" అంది, వచ్చాయి), బూటు తొడిగే ముందు తప్పనిసరిగా దులపాలని, ఎందుకంటే ఫనెల్‌వెబ్ అనే విషపు సాలీడు ఈ తడి తోటల్లోనే కాపురముంటుందని. 1991 జనవరి 21న వచ్చిన గాలివాన గురించి ఆవిడ చెప్పగా వింటే మన దివిసీమ ఉప్పెన కథలు వింటున్నట్టు ఉండేది. పింబుల్, టరమరా వైపు ఇళ్ల కప్పుల మీద చెట్లు పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అంత చూసిన మనిషి కూడా తన పెరట్లో చెట్టు ఒక్కటీ కొట్టించలేదు.

మా పెరట్లోనూ ఒక బ్లూ గమ్, నీలగిరి జాతి చెట్టు, ఉంది. ముప్పై మీటర్లు ఉంటుంది. ఇక్కడ సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. ఒక కొమ్మ విరిగి నీళ్ల ట్యాంకు మీద పడినప్పుడు మా వారు దరఖాస్తు పెట్టారు. వచ్చి చూసినాయన చెట్టు గట్టిగా ఉందనీ, ఇది పూర్వం ఇక్కడంతా పరుచుకున్న బ్లూ గమ్ అడవి తాలూకు చెట్టనీ, ఆ అడవిలో ఇప్పుడు నూటికి అయిదు వంతులు కూడా మిగల్లేదనీ ఓపికగా చెప్పి వెళ్లాడు. ఆ తరువాత మా వారు ఆ చెట్టును "అద్దె ఇవ్వని పెద్దమనిషి" అనేవారు. సాయంత్రం పొద్దుగూకగానే కిందనున్న లోయలోని గబ్బిలాల అభయారణ్యం నుంచి పెద్ద గబ్బిలాలు మా చెట్టు మీదుగా మేతకు బయలుదేరతాయి. ఆయన కుర్చీ వేసుకుని వాటిని లెక్కపెట్టేవారు. నాలుగు వందల దాకా వచ్చి ఎప్పుడూ లెక్క తప్పేవారు.

ఆయన చివరి జబ్బు పదకొండు నెలలు సాగింది. ఆసుపత్రికీ ఇంటికీ తిరిగే ఆ రోజుల్లో చెత్త ఏ రోజు తీసుకువెళ్తారో కూడా నాకు గుర్తుండేది కాదు. కానీ ప్రతి వారం మా డబ్బాలు గేటు బయట ఉండేవి, మర్నాడు సాయంత్రానికి ఖాళీగా లోపల ఉండేవి. ఎవరు పెడుతున్నారో చాలా నెలల దాకా అడగాలని కూడా తోచలేదు. ఒక రాత్రి ఆలస్యంగా వస్తే హెడ్‌లైట్ల వెలుగులో మూల ఇంటావిడ కనిపించింది, గౌను మీద కోటు వేసుకుని, మా డబ్బా ఈడ్చుకుంటూ. నన్ను చూసి చెయ్యి ఊపి వెళ్లిపోయింది. దాని గురించి అప్పుడూ మాట్లాడలేదు, ఆ తరువాతా మాట్లాడలేదు.

మొదటి ఉత్తరం 2024 జూలైలో వచ్చింది. అందమైన కవరు, చేత్తో రాసిన చిరునామా. తరువాత ఏజెంటు వచ్చాడు. మర్యాదస్తుడు, నా పేరు తప్పు లేకుండా పలకడం ఎక్కడో అభ్యాసం చేసి వచ్చాడు. ఈసారి వేలం లేదు, సుత్తి లేదు, గడ్డిలో కాఫీ కప్పులు లేవు. సంతకం పెట్టినవాళ్లు ధర బయటికి చెప్పకూడదని ఒప్పందంలోనే ఉంటుంది. ఎవరి పిల్లలకు ఎన్ని మార్కులు వచ్చాయో అందరికీ తెలిసిన వీధిలో, ఎవరికెంత ఇస్తున్నారో పైకి ఎవరికీ తెలియదు. నేను సంతకం పెట్టలేదు కనుక చెప్పవచ్చు: నాకు 60 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. ఎవరైనా కుటుంబం కాపురానికి కొనుక్కుంటే 35 లక్షలు పలకవచ్చునని మరొక ఏజెంటు అన్నాడు.

మీ వ్యాసం ఈ 35కూ 60కీ మధ్య ఉన్న సొమ్మును లాటరీ అంది. అసలు విషయం అక్కడే తప్పిపోయింది. ఆ పాతిక లక్షలు నా ఇంటి విలువ కాదు. నా గోడలకు, మా వారు దగ్గరుండి వేయించిన రాతి మెట్లకు, అరవై సార్లు బాగుచేయించిన పైకప్పుకు వాళ్ల లెక్కలో విలువ సున్నా. కూల్చడానికి అయ్యే ఖర్చు కలిపితే సున్నాకు ఇంకా కింద. వాళ్లు కొనేది వరుసను. ఆరు స్థలాలు ఒక్కటైతేనే నేల కింద కార్ల అంతస్తు, పైన కావలసినంత ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీ, అన్నీ కుదురుతాయి. నాది వరుసలో మూడోది. చివరిదై ఉంటే నన్ను వదిలేసి అయిదింటితో కట్టుకునేవారు. మధ్యలో ఒక ఇంటిని ఒంటరిని చేసి అటూ ఇటూ కట్టాలంటే, ఆ ఇంటికి న్యాయమైన ధర ఇవ్వజూపామని బిల్డరు రుజువు చూపాలి, అప్పుడైనా కట్టడం కుదరాలి. అందుకే నా సంతకం విలువ నా ఒక్కదాని పాతిక లక్షలు కాదు. మిగతా అయిదుగురి పాతికలు కూడా అందులోనే ఉన్నాయి. లాటరీ టికెట్టు ఎవరిది వాళ్లదే. ఇక్కడ మాత్రం నా టికెట్టు చించితే అయిదుగురికి బహుమతి పోతుంది. అయిదుగురికీ నా తలుపు ఏదో తెలుసు.

పైగా డబ్బు చేతిలో పెట్టడమన్నది కూడా నిజం కాదు. నా ముందున్నది అమ్మకం కాగితం కాదు, ఆప్షన్ ఒప్పందం. బిల్డరు చిన్న రుసుము ఇచ్చి, పద్దెనిమిది నెలల లోపు ఈ ధరకు నీ ఇల్లు కొనే హక్కు నాది అంటాడు. ఆ పద్దెనిమిది నెలలూ మనం ఇంకెవరికీ అమ్మకూడదు. ఈలోగా వడ్డీలు పెరిగి, కట్టుబడి ఖర్చు పెరిగి, అతనికి లెక్క కుదరలేదనుకోండి, రుసుము వదులుకుని దండం పెట్టి వెళ్లిపోవచ్చు. గడువు చివర "నువ్వు కొని తీరాలి" అని మనం అడిగే హక్కు కూడా రాయించుకోవాలని మా లాయరు చెప్పింది. నాకు పంపిన మొదటి ప్రతిలో ఆ హక్కు లేదు. అడిగితే చేర్చారు. అడగని వాళ్ల ప్రతుల్లో ఉందో లేదో నాకు తెలియదు. మన దగ్గర ఇల్లు డెవలప్‌మెంటుకు ఇస్తే ఇన్ని ఫ్లాట్లు నీకు, ఇన్ని నాకు అని పంచుకుంటారు. ఇక్కడ ఆ పద్ధతి అరుదు. డబ్బు తీసుకుని వీధి ఖాళీ చేయడమే.

మీ పాఠకుల్లో ఇక్కడ ఇల్లున్నవాళ్లు ఉంటారు కనుక ఇంకొక మాట. కాపురమున్న సొంత ఇల్లు అమ్మితే లాభం మీద పన్ను పడదు, నిజమే. కానీ ముందు విజయవాడ వచ్చేసి, స్థిరపడి, పన్ను లెక్కలో ఇక్కడి నివాసిని కాకుండా పోయాక ఆ ఇల్లు అమ్మితే ఆ మినహాయింపు మామూలుగా దక్కదు. 2020 జూన్ 30 తరువాతి అమ్మకాలకు చట్టం మారింది. మా ఆడపడుచు సలహా ప్రకారం "వచ్చేసి నిదానంగా అమ్ముకుంటే" నేను కొన్ని లక్షల డాలర్లు సమర్పించుకునేదాన్ని. అలాగే వృద్ధాప్య పింఛను ఆస్తి లెక్కలో కాపురముండే ఇల్లు రాదు, అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంటే వస్తుంది. చిన్న ఇంటికి మారదామంటే 20 లక్షల ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ 90 వేలకు పైమాటే. ఈ పేటలో నాలుగు గదుల ఇళ్లలో ఒక్కొక్క ముసలి ప్రాణం ఎందుకు కూర్చుని ఉందని పేపర్లలో ఆశ్చర్యపోతుంటారు. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం ఉండదు.

ఫ్లాటంటే నాకు చిన్నచూపు లేదు. భయం మాత్రం ఉంది. 2018 క్రిస్మస్ ముందురోజు ఒలింపిక్ పార్కులో ఒపల్ టవర్ అనే కొత్త భవనం పగుళ్లిచ్చి జనాన్ని ఖాళీ చేయించారు, 2019 జూన్‌లో మాస్కట్ టవర్స్. ఆ తరువాత కట్టడాల మీద నిఘాకు ఒక కమిషనర్ను పెట్టారు, తనిఖీలు గట్టిపడ్డాయి, ఒప్పుకుంటాను. ఇంకొకటి, ఫ్లాట్ల సముదాయంలో నూటికి 75 వంతుల యజమానులు ఒప్పుకుంటే, కోర్టు అనుమతితో మొత్తం భవనాన్నే అమ్మేయవచ్చని ఇక్కడ చట్టం. ఈ వీధిలో ఆరో సంతకమైనా నా చేతిలో ఉంది. అక్కడ అదీ ఉండదు.

ఇదంతా చదివి నన్ను చెట్ల పేరు చెప్పి కొత్తవాళ్లను రానివ్వని ముసలమ్మల జాబితాలో వేస్తారేమో. మా అబ్బాయి ఎప్పుడో వేసేశాడు. వాడూ కోడలూ సిడ్నీ పడమటి వైపు మార్స్‌డెన్ పార్కు అనే కొత్త పేటలో ఉంటారు. కప్పుకు కప్పు ఆనుకున్న ఇళ్లు, నడుమెత్తు దాటని మొక్కలు. 2020 జనవరి 4న అటువైపే ఉన్న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు కాసిన రోజు వాళ్లు పిల్లను తీసుకుని మా ఇంటికి పారిపోయి వచ్చారు. ఇక్కడి రిజర్వు బ్యాంకు వడ్డీని 2022 మే నుంచి 2023 నవంబరు దాకా 0.10 నుంచి 4.35 శాతానికి తీసుకుపోయినప్పుడు వాళ్ల నెల వాయిదా ఎంత పెరిగిందో చెప్పడానికి కోడలు సిగ్గుపడింది. "అమ్మా, మీ వీధి నీడ మీరు కొన్నది 4 లక్షల 90 వేలకు. మాకు ఎంతకు దొరుకుతుంది?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. స్టేషన్ పక్కన ఆరంతస్తులు కాకపోతే పదంతస్తులు రానివ్వండి, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ దిగే పిల్లలు నడిచి ఇల్లు చేరాలి. వీటికి వ్యతిరేకంగా జరిగిన సభలకు నేనూ రెండుసార్లు వెళ్లాను. అక్కడ చెట్ల కోసం గొంతు చించుకున్నవాళ్లలో కొందరిని చూస్తే నాకు 2014 గుర్తొచ్చింది. కార్చిచ్చు భయం పేరుతో ఇంటికి 10 మీటర్ల లోపు చెట్లు అనుమతి లేకుండా కొట్టుకోవచ్చని ఆ ఏడు నిబంధన వచ్చినప్పుడు, ఇదే పేటలో వారాల తరబడి రంపాల మోత. మంట ఎన్నడూ రాని చోట్ల కూడా. మా వారు అప్పుడు కిటికీలు మూసుకుని కూర్చున్నారు.

నాకు బాధ కలిగించేది అంతస్తులు కాదు. ఏడాదిన్నరగా ఈ వీధిలో మనుషులు మనుషులను చూసే తీరు. బిల్డరు నన్ను ఒక్కసారీ ఒత్తిడి పెట్టలేదు, అతనికి ఆ అవసరమే లేదు. ఆ పని చేయడానికి అయిదు ఇళ్లున్నాయి. మా పైవైపు ఇంటాయన మూడేళ్ల క్రితమే పెద్ద అప్పు చేసి కొన్నాడు, అతని తొందర అతనిది. ఇటు పక్కనున్న హాంకాంగ్ దంపతుల పిల్ల పన్నెండో తరగతి పరీక్షలయ్యేదాకా ఇల్లు మారకపోతే మేలని వాళ్లే నాతో అన్నారు, అయినా సంతకం పెట్టారు, ఎందుకు పెట్టారంటే తమ వల్ల ఆగిందన్న మాట రాకూడదని.

ఏటా డిసెంబరులో వీధి చివర గడ్డి మీద బల్లలు వేసి అందరం కలుస్తాం. ఇరవై ఏళ్లుగా నా వంతు పులిహోర. మొదటి ఏడు భయపడుతూ తిన్నవాళ్లే తరువాత గిన్నెలు తెచ్చుకుని పట్టుకెళ్లేవారు. మొన్న డిసెంబరులో నేను గిన్నె పట్టుకుని వెళ్లేసరికి మాటలు ఆగాయి. ఎవరూ ఒక్క మాట తప్పుగా అనలేదు. వాతావరణం గురించి, క్రికెట్ గురించి మాట్లాడారు. పిల్లల్లో ఒకడు పులిహోరలో కరివేపాకు ఏరి పళ్లెం అంచున పెడుతున్నాడు, వాడికేమీ తెలియదు పాపం. నేను ఆ కరివేపాకునే చూస్తూ కూర్చున్నాను. గిన్నె సగానికి పైగా అలాగే ఇంటికి వచ్చింది.

నవంబరులో సర్వే చేసేవాళ్లు వచ్చారు. మిగతా పెరళ్లన్నీ కొలిచి మా అనుమతితో మా పెరట్లోకీ వచ్చి, బ్లూ గమ్ దగ్గర ఆగిపోయారు. అక్కడ నడుమెత్తు ఆకుల గుట్ట ఉంది. బ్రష్ టర్కీ వేసిన గుట్ట. నల్లటి కోడి లాంటి పక్షి, ఎర్రటి బోడి తల, మెడలో పసుపుపచ్చ తోలుపట్టీ. ఆగస్టులో వచ్చి కాళ్లతో వెనక్కి తన్నుతూ నా తోటలో రాలిన ఆకన్నది మిగల్చకుండా ఒకచోట చేర్చింది. నా గోంగూర మడి కూడా అందులోనే ఉంది. పోతుపక్షి రోజూ గుట్టలో ముక్కు దూర్చి వేడి చూస్తుంది, ఎక్కువైతే ఆకులు తోడేస్తుంది, తక్కువైతే కప్పుతుంది. నేను లేబొరేటరీలో ముప్పై ఏళ్లు ఇంక్యుబేటర్ల డిగ్రీలు రాసుకున్నదాన్ని, ఇంత శ్రద్ధ ఏ మనిషిలోనూ చూడలేదు. ఈ పక్షికి చట్టం రక్షణ ఉంది, గుడ్లున్న గుట్టను కదపకూడదు. సర్వే కుర్రవాడు తన యంత్రం ఎక్కడ నిలబెట్టాలో తెలియక నా వైపు చూశాడు. "దానికి ఆప్షన్ ఒప్పందం పంపారా?" అన్నాను. నవ్వలేదు. గుట్టను చుట్టి వెళ్లి కంచె అవతలి నుంచి కొలుచుకున్నారు.

నేను మొండికేసి కూర్చోలేదు, ఆ మాట కూడా మా ఆడపడుచుకు తెలియాలి. లాయరు ద్వారా రెండు మాటలు అడిగాను. వెనక బ్లూ గమ్, దాని వేళ్లు పాకినంత మట్టి, తవ్వకుండా వదలాలి. మూల ఇంటావిడకు మాత్రం పద్దెనిమిది నెలలు ఆగకుండా ముందే డబ్బు ఇచ్చేయాలి. ఆవిడ మొన్న నవంబరులో మెట్ల మీద పడింది. తుంటి ఎముక. కూతురు పెర్త్‌లో. ఇక ఒంటరిగా ఉండకూడదని డాక్టర్లు చెప్పారు. ఇక్కడ వృద్ధుల ఆశ్రమంలో గదికి డిపాజిట్ కట్టాలి. ప్రత్యేక అనుమతి లేకుండానే 7 లక్షల 50 వేల డాలర్ల దాకా అడగవచ్చని 2025 జనవరి నుంచి పరిమితి పెంచారు. ఆవిడకు ఉన్నదల్లా ఇల్లే. విడిగా అమ్ముకుందామంటే ఆప్షన్ మీద సంతకం పెట్టేసింది, అమ్మకూడదు. ఆరు కలవనిదే ఆ ఒప్పందం ముందుకు కదలదు. అంటే నేను పంచదార డబ్బా కింద కాగితాలు పెట్టుకుని చెట్టు గురించి, మట్టి గురించి ఆలోచిస్తున్న ప్రతి వారమూ ఆవిడ ఆ మెట్లు దిగుతూనే ఉంది.

నా రెండు మాటలకు జవాబు ఇంకా రాలేదు. మీరు మరోసారి ఈ విషయం రాసేటప్పుడు ఆ లాటరీ మాట తీసేసి, ఎన్ని సంతకాలు కావాలో, ఎన్నో సంతకం ఎవరిదో అడిగి రాయించండి.

ఈ గురువారం మూల ఇంటావిడను ఒక ఆశ్రమం చూపించడానికి నా కారులో తీసుకువెళ్తున్నాను. సంతకం పెట్టావా అని ఆవిడ నన్ను ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు. నిన్న రాత్రి జ్వరంగా ఉండి తొందరగా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే మా చెత్త డబ్బా గేటు బయట ఉంది. చేతికర్ర పట్టుకుని ఎలా ఈడ్చిందో మరి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గోర్డన్, సిడ్నీ